సింగిల్ రూమ్‌లో ఫిట్స్

బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో సింగిల్ రూమ్ అంటే మనవాళ్లకు హోదా. ఫిట్స్ ఉన్న కుర్రాడికి అది దాక్కునే చోటు. రూమ్మేట్ మాత్రలు చూస్తాడనీ, సంగతి ఊళ్లో పెళ్లిసంబంధాల దాకా పాకుతుందనీ టెన్షన్. అందుకే ఎక్కువ అద్దె కట్టి మరీ ఒంటరిగా ఉంటాడు. అసలు ముప్పు అక్కడే ఉందంటాను.

మూర్ఛ ఉన్న యువతీయువకులు చనిపోయారంటే మనకు ముందు తట్టేవి బండి ప్రమాదం, నీళ్లలో మునగడం. అవీ ఉన్నాయి. ఆగకుండా వచ్చే ఫిట్స్, ఆత్మహత్యలూ ఉన్నాయి. మూర్ఛ ఉన్నవాళ్లలో డాక్టర్లు 'సుడెప్' అని పిలిచే ఆకస్మిక మరణం మాత్రం మన ఇళ్లలో వినని మాట. రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లారేసరికి మంచంలో, తరచూ బోర్లా, ప్రాణం లేకుండా కనిపిస్తాడు. పోస్ట్‌మార్టంలోనూ కారణం దొరకదు. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్ తర్వాత ఊపిరి ఆగి, వెనకే గుండె ఆగడం ఇందులో ఎక్కువగా కనిపించే క్రమం. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యికి ఒకరు ఇలా పోతారని 2017 నాటి అమెరికా మార్గదర్శకాల లెక్క. అంతకంటే నన్ను కదిలించింది 2020లో వచ్చిన స్వీడన్ అధ్యయనం. గడిచిన ఏడాదిలో పెద్ద ఫిట్ వచ్చినవాళ్లకు ముప్పు 27 రెట్లు. వాళ్లే గదిలో తోడు లేకుండా పడుకుంటే 67 రెట్ల దాకా!

ఇక నైట్ షిఫ్టుల నిద్రలేమి సరేసరి. సంక్రాంతికి రాత్రి బస్సెక్కి, మాత్రల స్ట్రిప్ పీజీలోనే మర్చిపోతే నిద్రలేమి, మాత్ర మానడం, ఫిట్స్ రప్పించే ఈ రెండు కారణాలూ ఒకేసారి తోడవుతాయి. నెత్తిన వేణ్నీళ్లు పోసుకుంటే వచ్చే ఫిట్స్ గురించి కర్ణాటక డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. అలాంటివాళ్లు బాత్రూమ్ గడియ పెట్టుకోకూడదు.

సుడెప్ మాటెత్తితే పేషెంట్ బెదిరిపోతాడని చాలామంది డాక్టర్లు దాటేస్తారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. సరైన మందులతో 70 శాతం మందికి ఫిట్స్ పూర్తిగా ఆగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. మాత్ర మానితే ఏం జరగొచ్చో తెలియనివాడు, నాలుగు నెలలు బాగుంటే ఆపేయడూ?

పెళ్లి భయానికొస్తే, హిందూ వివాహ చట్టం పెళ్లికి అడ్డుగా చెప్పిన కారణాల్లోంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. మన పెళ్లిచూపుల్లోంచి ఇంకా పోలేదు. కనుక ఊరంతటికీ చెప్పమనను. గదిలో తోడుండే ఒక్క రూమ్మేట్‌కు చెబితే చాలు: తాళంచెవులు చేతిలో పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఊపిరి ఆడుతోందా చూడు, ఐదు నిమిషాలు దాటినా ఫిట్ ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యి.