మూడు గ్రాముల కొత్తల్లుడు

మా ఇంట్లో పంచదార డబ్బా అజ్ఞాతంలోకి వెళ్లి నాలుగేళ్లయింది. నాకు పరగడుపు షుగర్ 160 వచ్చిన రోజున మా ఆవిడ దాన్ని పై అరలో, అప్పడాల వెనక్కి తోసేసింది. మొన్న మార్చిలో నేనే స్టూలెక్కి దాన్ని కిందికి దించాను. నాక్కాదు, హమ్మింగ్ బర్డ్‌కి.

ఈ పిట్ట రెండు అమెరికాల్లో తప్ప ఎక్కడా ఉండదు. మన మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టకీ దీనికీ చుట్టరికం లేదు, అలవాట్లే కలిశాయి. డాలస్ శివార్లలో మా పెరటికొచ్చేది రూబీ థ్రోటెడ్ రకం. మగదానికి గొంతు కింద కెంపు పొదిగినట్టుంటుంది. బరువు మూడు గ్రాముల పైచిలుకు. చెంచాడు పంచదార దానికంటే బరువు తూగుతుంది.

వంట సులువే. ఒక వంతు తెల్ల పంచదారకి నాలుగు వంతుల నీళ్లు. రంగు కలపకూడదు, తేనె వేస్తే బూజు పడుతుంది, బెల్లం అసలే వద్దు. ఊరినుంచి వచ్చిన మా అత్తగారికి ఇది మింగుడు పడలేదు.

"ఉత్త పంచదార నీళ్లేనా అల్లుడుగారూ? చిటికెడు యాలకుల పొడైనా వెయ్యకూడదూ?"

టెక్సస్ ఎండకి ఆ నీళ్లు రెండ్రోజుల్లో పాడవుతాయి. అందుకని రోజు విడిచి రోజు ఫీడర్ని, అంటే ఆ నీళ్లు పోసి పిట్ట కోసం కట్టే కన్నాల సీసాని, విప్పి, సన్న బ్రష్షుతో కన్నం కన్నం తోమి, వేడినీళ్లతో కడుగుతున్నాను. ఇరవై రెండేళ్ల కాపురంలో నా కాఫీ గ్లాసు నేను కడిగిన దాఖలా లేదని మా ఆవిడ అంటోంది. ఆవిడ దీన్ని వ్యక్తిగతంగా తీసుకుంటోందని నా అనుమానం.

ఇంత చేస్తే తాగేదెవరు? ఫీడర్‌కి నాలుగు కన్నాలు. ఒక మగపిట్ట ఎదురుకొమ్మ మీద కూర్చుని, ఇంకొకటి వచ్చిందా, మీద పడి తరిమేస్తుంది. తను తాగేది రెండు గుక్కలు, మిగతా రోజంతా కాపలా. చివరికి ఇంటికి అటువైపు, దాని కంటబడని చోట, రెండో ఫీడర్ కట్టాను. అన్నదమ్ములకి వేరుకుంపటి పెట్టించినట్టు.

నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి వేరే ఉంది. ఈ జాతి పిట్టలకి ఆకలి మీదున్నప్పుడే షుగర్ 300 దగ్గర ఉంటుందట, తాగాక 700 దాటుతుందట. మాత్రల్లేవు, తిమ్మిర్లు లేవు, పై అరలో డబ్బా దాచే పెళ్లామూ లేదు. ఈ అన్యాయాన్ని మా డాక్టరుగారి ముందు పెట్టాను.

"అది సెకనుకి యాభైసార్లు రెక్కలాడిస్తుంది. మీరూ చేతులు అలా ఆడించండి, ఓ గ్లాసు తాగండి" అన్నారు.

అక్టోబరులో ఈ మూడు గ్రాముల అల్లుడు చెప్పాపెట్టకుండా దక్షిణానికి వెళ్లిపోయాడు. వీళ్లలో కొందరు మెక్సికో గల్ఫ్‌ని ఎనిమిది వందల కిలోమీటర్ల మేర ఎక్కడా ఆగకుండా దాటేస్తారు. మన చుట్టాలకైతే గేటు దాటడానికే గంట. వెనకబడ్డ పిట్ట ఏదైనా దారిలో ఆగుతుందేమోనని, ఇంకో రెండు వారాలు ఫీడర్ ఉంచమంటారు తెలిసినవాళ్లు. ఉంచాను.

నిన్న పొద్దున్న స్టవ్ మీద నీళ్లు మరుగుతుంటే మా ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"ఎలాగూ పొయ్యి వెలిగించారుగా, ఆ చేత్తోనే నాకింత కాఫీ కలపండి."

"కాఫీపొడి ఎక్కడుంటుంది?" అన్నాను.