మిజరీకి ఏలెండ్ సరిజోడేనా?

వాది: ఇంగ్లీషులో పరమ దైన్యాన్ని చెప్పే ‘మిజరీ’, ‘రెచిడ్‌నెస్’ వంటి మాటలకు జర్మన్ అనువాదంలో ‘ఏలెండ్’నే నిలకడగా వాడాలని నా వాదం. ఏలెండ్‌కు మొదటి అర్థం పరదేశం, ప్రవాసం. ‘రెచిడ్‌నెస్’కు మూలమైన ‘రెచ్’ కూడా పాత ఇంగ్లీషులో వెలివేయబడినవాడే. సొంత నేల పోవడాన్నే రెండు భాషలూ దైన్యానికి మూలంగా తలచాయి కదా!

ప్రతివాది: వ్యుత్పత్తిని నమ్ముకుంటే చిక్కులో పడేది మీరేనండీ. ‘రెచ్’కు జర్మన్‌లో అసలు తోబుట్టువు ‘రెకె’. అదీ ఒకప్పుడు ప్రవాసినే సూచించినా, నేడు దాని అర్థం వీరుడు. షేక్‌స్పియర్ నాటకంలో, తుపానులో లియర్ రాజు తలచుకున్న దిక్కులేని ‘రెచెస్’ను వీరులని పిలుద్దామా?

వాది: సరే, వ్యుత్పత్తిని వదిలేద్దాం. వాడుక మాత్రం నా పక్షమే. మార్క్స్ 1847లో ఫ్రెంచిలో రాసిన తత్త్వశాస్త్ర విమర్శ పేరులోని ‘మిజేర్’ 1885 నాటి జర్మన్ అనువాదంలో ఏలెండ్ అయింది. ఆ పేరునే తిప్పి కొడుతూ తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1957లో ఇంగ్లీషు పుస్తకానికి పెట్టిన ‘పావర్టీ’ కూడా జర్మన్‌లో ఏలెండే.

ప్రతివాది: మీరు చూపిన సాక్ష్యమే ఏలెండ్‌లో లేమి వాసన ఎంత గాఢంగా ఉందో చెబుతోంది. మేడలో ఉంటూ ప్రియుణ్ణి పోగొట్టుకుని కుమిలిపోయే స్త్రీ ‘మిజరీ’కి ఆ మాట వేస్తే, ఆమెకు పూట గడవడం లేదేమోనని పాఠకుడు శంకిస్తాడు, అక్కడ యాతనను చెప్పే ‘క్వాల్’ మేలు. ఇక జర్మన్ మనిషి ‘మీర్ ఇస్ట్ ఏలెండ్’ అన్నాడంటే, చాలాసార్లు కడుపులో తిప్పుతోందనే అర్థం. బైబిల్ 84వ కీర్తనలో, దాన్ని జర్మన్‌లోకి అనువదించిన లూథర్ ‘యమర్‌టాల్’ (విలాపపు లోయ) అన్న చోటును, జర్మన్ బైబిళ్ళను ఆధారం చేసుకున్న బైబిల్ అనువాదకుడు కవర్డేల్ 1535లో ఇంగ్లీషులో ‘మిజరీ లోయ’ అన్నాడు. అంటే మిజరీకి జోడుగా నిలిచింది విలాపాన్ని వినిపించే ‘యమర్’, ఏలెండ్ కాదు.

వాది: ఆ యమర్ నుంచి వచ్చిన ‘యమర్న్’ క్రియకు నేటి వాడుకలో సణుగుడే ముఖ్యార్థం. విషాద నాటకంలో పాత్ర సణుగుతోందనిపిస్తే ఇంకేం మిగులుతుంది?

ప్రతివాది: క్రియ చులకనైనంత మాత్రాన నామం చులకన కాలేదు, యమర్‌టాల్ ఇప్పటికీ గంభీరమైన మాటే.

వాది: అయినా ఒకే ప్రసంగంలో ‘మిజరీ’ మూడుసార్లు మోగితే, మీరు మూడు వేరు మాటలు వేసి ఆ ప్రతిధ్వనిని చెదరగొడతారు. దానికి నేను ఒప్పుకోను.

ప్రతివాది: ప్రతిధ్వని కావాలని రచయిత తిరిగి పలికించిన చోట నేనూ ఒకే మాట వేస్తాను. అది ఏలెండే కావాలన్న నియమాన్ని మాత్రం అంగీకరించను.