23 అనే అంకెకు పేరొచ్చింది

వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినవాళ్లకు తెలుసు, వంగకపోతే గుమ్మం నుదుటికి తగులుతుంది. మొన్న పదేళ్ల మేనకోడల్ని తీసుకెళ్లాను. టార్పెడో గొట్టాల దగ్గర ఆగి, "మావయ్యా, ఇది ఇంకెవర్నీ చంపదు కదా?" అంది. చంపదమ్మా అన్నాను. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2001లో రిటైరైంది, మరుసటేడు మ్యూజియం అయింది. చంపడం మానాలంటే ఇనుముకైతే పై నుంచి ఒక ఉత్తర్వు వస్తే సరిపోతుంది.

మార్వెల్ కామిక్స్‌లోని లారా కిన్నీకి ఆ సుఖం లేదు. చేతుల్లోంచి ఉక్కు గోళ్లు వచ్చే హీరో వుల్వరిన్ జన్యు నమూనాలో, మగబిడ్డకు కావాల్సిన వై క్రోమోజోమ్ పాడైపోతే, ఎక్స్‌నే రెండింతలు చేసి ఆడపిల్లను పుట్టించారు. 22 సార్లు కుదరలేదు, 23వది నిలిచింది. అందుకే ఎక్స్-23. కడుపున మోసింది సారా కిన్నీ అనే శాస్త్రవేత్త. హత్యలు చేయించడానికే పెంచారు. ఒక ప్రత్యేకమైన వాసన తగిలితే చాలు, ఎదురుగా ఎవరున్నా పిల్ల చంపేస్తుంది. ఆ వాసన వల్లే కన్నతల్లినీ చంపింది. లారా అన్న పేరు ఆ తల్లి ప్రాణం పోతూ పెట్టిందే.

మన సినిమాల్లో విలన్ మనిషి మారాలంటే ఒక్క సీను చాలు. హీరో అతని చెల్లెల్ని కాపాడతాడు, వీడు కత్తి పారేస్తాడు. ఇక్కడ ఆ కిటుకు పనిచేయదు, ఎందుకంటే వాసనకి మంచి మనసుతో పనిలేదు. లారా ఎంత మారాలనుకున్నా ఒంట్లో మీట అలాగే ఉంది. ఆమె మంచితనం పశ్చాత్తాపంతో కాదు, భయంతో మొదలవుతుంది. ఎవరి పక్కన ఉండాలన్నా టెన్షనే. నాకు ఈ పాత్రలో నచ్చిందే అది.

మనకీ ఇలాంటి పిల్ల ఉంది, ముద్రారాక్షసం అనే పాత సంస్కృత నాటకంలో విషకన్య, అంటే తాకినవాళ్లు చచ్చేలా విషంతో తయారుచేసిన పిల్ల. చంద్రగుప్తుణ్ణి చంపమని నందుల మంత్రి రాక్షసుడు పంపితే, చాణక్యుడు ఆమెను పర్వతకుడనే రాజు మీదికి తిప్పాడు. ఆయుధం చేతులు మారింది, అంతే. నీ పేరేంటమ్మా అని అడిగినవాడు లేడు.

లారా అసలు మలుపు 2015లో టామ్ టేలర్ రాసిన సిరీస్‌లో ఉంది. అప్పటికి ఆమె వుల్వరిన్ పేరు తీసుకుంది. ఈసారి తన జన్యువుల నుంచే వేరేవాళ్లు క్లోన్లను, అంటే తనలాంటి నకళ్లను చేశారు. వాళ్లలో చిన్నది గాబీ, నొప్పి తెలియని పిల్ల, వాగుడుకాయ. లారా దాన్ని ఇంటికి తెచ్చుకుంటుంది. కొట్లాటలు పక్కన పెట్టి, ఇంట్లో అక్కాచెల్లెళ్ల మాటలు చదవండి. చంపడం తప్ప ఇంకేమీ నేర్పని పిల్ల, చెల్లెలి అల్లరికి విసుక్కోవడం నేర్చుకుంటోంది. వుల్వరిన్‌లా లారాకీ ఉన్న గోళ్లు, చేతికి రెండేసి, కాలికి ఒక్కోటి చొప్పున, ఎక్కడికీ పోలేదు. గాబీ మాత్రం వాటికి బెదరదు.

ఒక్క ఫిర్యాదు ఉంది. తల్లి పేరు పెట్టింది, చెల్లి అక్కా అని పిలిచింది. 2018లో కొత్త సిరీస్ తెస్తూ ప్రచురణకర్తలు అట్ట మీద మళ్లీ ఎక్స్-23 అనే వేశారు.