రెండు సెకన్లు సెటప్ ఫైల్లో లేవు

అసెటో కోర్సా కాంపిటిజియోనె అనే కార్ల రేసింగ్ వీడియోగేమ్ ఆడేవాళ్ల మధ్య సెటప్ (కారు టైర్లు, స్ప్రింగులు, బ్రేకుల సర్దుబాట్లు) గురించి ఒక సలహా ఏళ్ల తరబడి చేతులు మారుతోంది. క్లుప్తంగా చెప్తే ఇది: "బాగా వేగంగా నడిపేవాళ్ల సెటప్ కొని లోడ్ చేస్తే చాలు, ల్యాప్‌కి రెండు సెకన్లు ఊరికే వస్తాయి. కొనలేకపోతే ఈ సూత్రాలు పెట్టుకో: టైర్ ప్రెషర్ 27.5, వింగ్ వీలైనంత తక్కువ, కారు వీలైనంత కిందికి, స్ప్రింగులు వీలైనంత గట్టిగా, క్యాంబర్ చివరిదాకా, ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ రెండూ ఆఫ్." కొత్తగా స్టీరింగ్ వీల్ కొన్నవాళ్లు దీన్ని నమ్మి డబ్బు పెడుతున్నారు. వారం తర్వాత కారు మలుపు మలుపుకీ గిర్రున తిరిగిపోతుంటే తప్పు తమ చేతులదే అనుకుంటున్నారు. అందుకే జీటీ3 తరగతి రేసు కార్ల మటుకు ఒక్కో మాటా తీసి చూద్దాం.

"ఫైల్ లోడ్ చేస్తే రెండు సెకన్లు ఊరికే వస్తాయి."

రావు. గేమ్‌లో ప్రతి కారుకీ అగ్రెసివ్, సేఫ్ అని రెడీమేడ్ సెటప్‌లు ఉంటాయి. అగ్రెసివ్‌లో ప్రెషర్లు సరిచేసి, ఇంధనం సరిపడా పోస్తే అది చాలా ట్రాక్‌ల మీద బాగానే నడుస్తుంది. దానికీ, కొన్న ఫైల్‌కీ మధ్య అనుభవమున్న డ్రైవర్ చేతిలో కనిపించే తేడా సెకనులో కొన్ని పదో వంతులు. రెండు సెకన్లు పోయేది వేరే చోట: బ్రేక్ పది మీటర్లు ముందే తొక్కడం, ఏపెక్స్ (మలుపులో లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే చోటు) తప్పడం, థ్రాటిల్ (యాక్సిలరేటర్) తొక్కి మళ్లీ వదలడం. మీ వరుస ల్యాప్‌లలో తేడా సెకను దాటుతుంటే, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) ఒక మెట్టు మార్చినందువల్ల వచ్చిన ఫలితం ఆ గందరగోళంలో కనిపించనే కనిపించదు.

ఇంకో సంగతి. సెటప్ తయారుచేసిన మనిషి ట్రెయిల్ బ్రేకింగ్ చేస్తాడు. ఏపెక్స్ దాకా బ్రేక్ కొద్దికొద్దిగా వదులుతూ ముందు టైర్ల మీద బరువు నిలుపుతాడు. అతని కారు వెనక భాగం వదులుగా ఉన్నా ఇబ్బంది లేదు, ఆ జారుడుతోనే అతను కారుని తిప్పుతాడు. బ్రేక్ ఒక్కసారిగా వదిలేసి స్టీరింగ్ తిప్పేవాళ్లకి అదే కారు లోపలికి వెళ్తూనే గిర్రున తిరుగుతుంది. ఫైల్‌లో ఆ పాదం రాదు.

"ప్రెషర్ 27.5 పెట్టు."

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది నష్టపోయేది ఈ ఒక్క అంకె వల్లే. ఇది పాత అంకె. 2023లో వచ్చిన 1.9 వెర్షన్‌తో టైర్ మోడల్ మారింది. అంతకుముందు పొడి ట్రాక్ మీద వేడెక్కిన టైరు 27.3 నుంచి 28 పీఎస్‌ఐ (టైర్లో గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) దాకా ఉండాలనేవారు. ఇప్పుడు గురి 26 నుంచి 27 మధ్య. వాన టైర్లకి 30కి అటూ ఇటూ. పాత ఫైల్‌ని ఇప్పటి గేమ్‌లో లోడ్ చేస్తే ప్రెషర్ దాదాపు ఒక పీఎస్‌ఐ ఎక్కువవుతుంది. టైరు మధ్యభాగం ఉబ్బి నేలని తాకే విస్తీర్ణం తగ్గుతుంది, నాలుగో ల్యాప్ నుంచి కారు తేలుతున్నట్టుంటుంది. అప్పుడు చాలామంది వింగ్ పెంచుతారు. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట.

రెండో పొరపాటు, ఆ అంకెని గ్యారేజీలో పెట్టేయడం. సెటప్ పేజీలో పెట్టేది బయల్దేరే ముందు ప్రెషర్. గురి పెట్టాల్సింది ట్రాక్ మీద వేడెక్కాక వచ్చే ప్రెషర్‌కి. కాబట్టి ఫైల్‌లోని అంకె కాదు, కింది పద్ధతి పనికొస్తుంది.

రేసులో ఉండబోయే గాలి ఉష్ణోగ్రతే ప్రాక్టీస్‌లోనూ పెట్టండి. వాతావరణం మారకుండా చూసుకోండి. రేసుకి ఎంత ఇంధనమో అంతే పోయండి. నాలుగైదు ల్యాప్‌లు రేసు వేగంతో నడిపి, కారు పూర్తిగా వేడెక్కాక నాలుగు టైర్ల ప్రెషర్లు రాసుకోండి. ఉదాహరణకి ముందు ఎడమ 27.6, ముందు కుడి 26.9, వెనక ఎడమ 27.3, వెనక కుడి 26.6 వచ్చాయనుకుందాం. గురి 26.5. ఒక్కో క్లిక్‌కి 0.1 మారుతుంది. ముందు ఎడమ 11 క్లిక్‌లు, ముందు కుడి 4, వెనక ఎడమ 8, వెనక కుడి 1 తగ్గించాలి. మళ్లీ నాలుగు ల్యాప్‌లు. ఈసారి మిగిలే తేడా రెండు మూడు క్లిక్‌లకి మించదు.

ఎడమ టైర్లు ఎందుకు ఎక్కువ వేడెక్కాయంటే, మోంజా, స్పా లాంటి ట్రాక్‌లు గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి. కుడి మలుపులు ఎక్కువ, బరువంతా ఎడమవైపు పడుతుంది. ఇమోలా, లగూనా సెకా దీనికి వ్యతిరేక దిశ, అక్కడ కుడి టైర్లు మండుతాయి. నాలుగు టైర్లకీ ఒకే అంకె ఉన్న ఫైల్ కనిపిస్తే దాన్ని తయారుచేసినవాళ్లు పని పూర్తిచేయలేదని అర్థం.

బయటి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ప్రెషర్ సుమారు 0.1 పెరుగుతుంది. 26 డిగ్రీలకి చేసిన సెటప్‌ని 18 డిగ్రీల రేసులో వాడితే ఒక్కో టైరుకి 0.8 దాకా తక్కువ పడుతుంది. ఎనిమిది క్లిక్‌లు పెంచాలి. బ్రేక్ డక్ట్‌లని (బ్రేకులకి చల్లగాలి తెచ్చే గొట్టాలు) కూడా మర్చిపోవద్దు. డక్ట్ మూస్తే బ్రేకులు వేడెక్కుతాయి, ఆ వేడి రిమ్ నుంచి టైర్‌లోకి వెళ్తుంది. అందుకే మొదట డక్ట్ సంగతి తేల్చుకుని తర్వాతే ప్రెషర్ జోలికి వెళ్లాలి. వరుస తిరగేస్తే చేసిన పనంతా మళ్లీ చేయాలి.

కొన్న ఫైల్‌లో ఏముందో చూడాలంటే డాక్యుమెంట్స్‌లో గేమ్ ఫోల్డర్, అందులో సెటప్స్, అందులో కారు, ట్రాక్ పేర్లు. ఫైల్ జేసన్ రూపంలో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. టైర్ ప్రెషర్ దగ్గర 54 అని కనిపిస్తే కంగారు పడొద్దు. అది పీఎస్‌ఐ కాదు, క్లిక్‌ల లెక్క. జీటీ3 కారుకి 20.3 నుంచి మొదలై 54 క్లిక్‌లంటే 25.7.

"వింగ్ ఎంత తక్కువుంటే అంత వేగం."

వింగ్ అంటే కారుని నేలకి నొక్కి పట్టే వెనక రెక్క. ఈ మాట స్ట్రెయిట్ (మలుపు లేని భాగం) మీద నిజమే, ల్యాప్ మీద కాదు. లెక్క వేసి చూడొచ్చు. కిలోమీటరు స్ట్రెయిట్‌లో సగటు వేగం గంటకి 220 నుంచి 222 కిలోమీటర్లకి పెరిగితే మిగిలేది 0.15 సెకను. 300 మీటర్ల వేగవంతమైన మలుపులో సగటు 160 నుంచి 156కి పడితే పోయేది 0.17. అంటే ఒక్క మలుపులోనే ఆ లాభం హరించుకుపోయింది. పైగా మలుపు నుంచి బయటికొచ్చే వేగం తగ్గితే, ఆ లోటు తర్వాతి స్ట్రెయిట్ సగందాకా వెంట వస్తుంది. మోంజాలో పారబోలికా అలాంటిదే: అక్కడ వెనక టైర్లు జారతాయేమోనని థ్రాటిల్ సగంలో ఆపితే ట్రాక్‌లోకెల్లా పొడవైన స్ట్రెయిట్ అంతా దండగ.

వింగ్ తగ్గించినప్పుడు వెనక ఒత్తిడి మాత్రమే తగ్గుతుంది, ముందు స్ప్లిటర్‌ది (బంపర్ కింద ముందుకి పొడుచుకొచ్చే పలక) అలాగే ఉంటుంది. సమతూకం ముందుకి జరుగుతుంది. నెమ్మది మలుపుల్లో ఏమీ తెలియదు. వేగం 180 దాటాక వెనక చక్రాలు తేలిపోతాయి. వింగ్ రెండు మెట్లు తగ్గిస్తే వెనక రైడ్ హైట్‌నీ (నేల నుంచి కారు అడుగు ఎత్తు) కొద్దిగా తగ్గించి సమతూకం వెనక్కి తెచ్చుకోవాలి. స్పాలో అయితే ల్యాప్ మధ్య భాగంలో ఎక్కువగా పొడవాటి వేగపు మలుపులే. అక్కడ వింగ్ కోసిన కారు క్వాలిఫయింగ్‌లో (రేసు మొదట్లో ఎవరి స్థానం ఏదో తేల్చే రౌండ్) ఒక్క ల్యాప్ నిలబడొచ్చు గాని, గంట రేసులో వెనక టైర్లని తినేస్తుంది.

"కారు కిందికి దించు, స్ప్రింగులు గట్టిగా పెట్టు."

నేలకి దగ్గరైతే స్ప్లిటర్ కింద గాలి వేగం పెరిగి పట్టు పెరుగుతుంది, అంతవరకు నిజం. కానీ నేలకీ కారుకీ మధ్య ఎత్తు అయిపోయాక ఏమవుతుందో ఈ సలహా చెప్పదు. స్పాలో రైడిల్లాన్ అనే ఎత్తైన మలుపు ఎక్కేటప్పుడు కారు నేలకి అదుముకుంటుంది. అడుగు తగిలితే టైర్ల మీద పడాల్సిన బరువు కాసేపు చట్రం మీద పడుతుంది, సరిగ్గా అప్పుడే స్టీరింగ్ పని చేయదు. 60 లీటర్ల ఇంధనం సుమారు 45 కిలోలు. ఖాళీ ట్యాంకుతో చక్కగా ఉన్న క్వాలిఫయింగ్ ఎత్తు, నిండు ట్యాంకుతో నేలని రాస్తుంది.

బంప్‌స్టాప్ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పి తీరాలి. సస్పెన్షన్ కొంత దూరం నొక్కుకున్నాక రబ్బరు దిమ్మ తగులుతుంది, అక్కడి నుంచి స్ప్రింగు గట్టిదనం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ దూరమే బంప్‌స్టాప్ రేంజ్. కారు దించి రేంజ్ కూడా తగ్గిస్తే బ్రేక్ తొక్కగానే ముందు భాగం దిమ్మ మీద కూర్చుంటుంది. అప్పుడు ముక్కు తిరగదు, డ్రైవర్ యాంటీ రోల్ బార్‌ని మారుస్తూ కూర్చుంటాడు. మలుపు మధ్యలో హఠాత్తుగా అండర్‌స్టీర్ (స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగకపోవడం) వస్తే ముందు రేంజ్‌ని నాలుగైదు మిల్లీమీటర్లు పెంచి చూడండి. వెనక హఠాత్తుగా జారితే వెనకది. జారుడు నెమ్మదిగా, ముందే తెలిసేలా వస్తే కారణం దిమ్మ కాదు, స్ప్రింగో బారో.

మోంజా షికేన్‌ల (వేగం తగ్గించే వంకర మలుపులు) కర్బ్‌ల (ట్రాక్ అంచు గట్లు) మీద గట్టి స్ప్రింగులు చక్రాన్ని గాల్లోకి ఎత్తుతాయి. గాల్లో ఉన్న టైరుకి పట్టు సున్నా. వాన రేసులో అయితే మెత్తగా, కొద్దిగా ఎత్తుగా పెట్టడమే మంచిది.

"క్యాంబర్ చివరిదాకా."

మలుపులో బయటి టైరు నేలకి సమంగా ఆనడానికే నెగటివ్ క్యాంబర్, అంటే టైరు పైభాగాన్ని కారు లోపలివైపుకి వంచి పెట్టడం. అతిగా పెడితే నేరుగా వెళ్లేటప్పుడు టైరు లోపలి అంచు మీదే నడుస్తుంది, బ్రేకింగ్ దూరం పెరుగుతుంది, బయటికొచ్చేటప్పుడు వెనక చక్రాలు తిరుగుతూ ఉంటాయి. టైర్ల ట్యాబ్‌లో చివరి రీడింగుల దగ్గర లోపల, మధ్య, బయట మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. లోపలి అంచు కొద్దిగా వేడిగా ఉండటం మామూలే. తేడా పది డిగ్రీలు దాటితే తగ్గించండి. అయితే పిట్‌కి నెమ్మదిగా వస్తే ఆ అంకెలు చల్లబడి మోసం చేస్తాయి. 

"ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ ఆఫ్."

ట్రాక్షన్ కంట్రోల్ వెనక చక్రాలు ఊరికే తిరగకుండా, ఏబీఎస్ బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపుతాయి. జీటీ3 కార్లకి ఈ రెండూ నిజంగానే ఉంటాయి, ఇవి ఆటగాడికిచ్చే రాయితీలు కావు. కారు వాటితోనే రూపొందింది. ఏబీఎస్ తీసేస్తే చక్రం ఒక్కసారి బిగుసుకుపోయినా టైరు మీద ఫ్లాట్ స్పాట్ (అరిగి చదునైన మచ్చ) పడి టైరు మార్చేదాకా కారు వణుకుతుంది. పైగా ఒక కారులో స్థాయి 3 అంటే మరో కారులో స్థాయి 3 కాదు, కాబట్టి ఎవరో చెప్పిన అంకెని కారు మారినప్పుడు మోసుకెళ్లొద్దు. ట్రాక్షన్ కంట్రోల్ రెండో గేర్ మలుపులో అదేపనిగా దూరుతుంటే ఒక మెట్టు తగ్గించండి. వెనక టైర్ల వేడి ల్యాప్ ల్యాప్‌కీ పెరుగుతుంటే ఒక మెట్టు పెంచండి.

ఇంతకీ కొన్న ఫైల్ దండగేనా? కాదు, వాడే పద్ధతి వేరు. దాన్ని అగ్రెసివ్ పక్కన పెట్టి ఏం మారాయో రాసుకోండి. ప్రెషర్లు మీ ఉష్ణోగ్రతకి సరిచేసుకోండి. తర్వాత పన్నెండు ల్యాప్‌లు, మొదటి రెండు వదిలేసి, మిగిలిన పదింటిలో అత్యుత్తమాన్ని కాక మధ్యలో పడే సమయాన్ని చూడండి. అదే పని అగ్రెసివ్‌తో చేయండి. కొన్నదాంట్లో ఒక్క ల్యాప్ అద్భుతంగా, నాలుగు ల్యాప్‌లు గడ్డిలో ఉంటే అది మీకు నెమ్మది సెటప్పే.

ఆపైన ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఎక్కడ ఇబ్బందో దాన్నిబట్టి మీట ఎంచుకోవాలి. వేగపు మలుపుల్లోనే కనిపిస్తే వింగ్, రైడ్ హైట్. నెమ్మది మలుపుల్లోనే అయితే బార్లు, స్ప్రింగులు. బ్రేక్ తొక్కి లోపలికి వెళ్లేటప్పుడు వెనక ఊగితే బ్రేక్ బయాస్ (ముందు, వెనక బ్రేకుల మధ్య బలం పంపకం) అర శాతం ముందుకి, లేదా డిఫరెన్షియల్ ప్రీలోడ్ (వెనక రెండు చక్రాలని కలిపి పట్టే బిగువు) 20 న్యూటన్ మీటర్లు పైకి. థ్రాటిల్ వదిలినా ముక్కు తిరగకపోతే ప్రీలోడ్ అంతే కిందికి. మలుపు మధ్యలో అండర్‌స్టీర్ అయితే ముందు బార్ ఒక మెట్టు మెత్తగా. ఒక మార్పుకి ఐదారు ల్యాప్‌లు ఇచ్చి, మేలు తెలియకపోతే వెనక్కి పెట్టేయండి. మేలు చేసిన మార్పుని కొత్త పేరుతో, ఉష్ణోగ్రత, ఇంధనం కలిపి సేవ్ చేసుకోండి: "మోంజా 24 డిగ్రీలు 60 లీటర్లు" అని.