అరకు తోటల్లో ముళ్లెలుక లేదు, తొర్రల్లో మందు పెట్టకండి

‘కేరళ ముళ్లెలుక అరకులో దిగింది. చైనా జాతి, ముళ్లలో విషం, మిరియాలన్నీ తినేస్తోంది. చెట్ల తొర్రల్లో మందు పెట్టి చంపండి.’ ఈ వారం ఈ మెసేజ్ రాని గ్రూపు లేదు. పంపినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ, నా కోపమంతా అందుకే.

ఆ ప్రాణి ఉండేది పడమటి కనుమల్లో. కర్ణాటక, కేరళ, తమిళనాడు కొండ అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పట్టుమని వంద గ్రాములు తూగదు. పగలు తొర్రలో పడుకుని రాత్రి కొమ్మల మీద తిరుగుతుంది. అది ఇన్ని వందల కిలోమీటర్ల మైదానం ఎలా దాటింది? లారీ ఎక్కి వచ్చిందా?

విషం లేదు. వీపు మీద చదునైన ముళ్లున్నాయి, అంతే. మెసేజ్‌లో ఫొటో ముళ్లపంది పిల్లది.

చైనా మాటలో మాత్రం కొంత నిజముంది. బతికున్నవాటిలో దీనికి దగ్గరి చుట్టాలు దక్షిణ చైనా, వియత్నాం కొండల్లోనే ఉన్నాయి. కానీ ఆ దాయాదులు విడిపోయి పదుల లక్షల ఏళ్లయింది. 1859లో జంతు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయ నామం పెట్టేనాటికే ఇది మలబారుది, అంటే కేరళ ప్రాంతానిది. మిరియాలు తింటుందన్నదీ నిజమే, అక్కడి రైతులకు నష్టం ఉంది.

ఇక మందు. తొర్రలో పెట్టమని రాసిన మనిషి ఒక్కసారైనా తొర్రలోకి తొంగి చూశాడా? అందులో గుడ్లగూబలు, గోరింకలు, చిలకలు, ఉడతలు కాపురముంటాయి. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కడుపులో పడితే విషవాయువవుతుంది. మనిషి మింగినా విరుగుడు లేదు. నూకల్లో కలిపిన ఆ ఎర జారి కింద పడితే కోళ్లు తింటాయి, తోటలో ఆడుకునే పిల్లలు ముట్టుకుంటారు. బ్రోమాడియోలోన్ అనే ఇంకో ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి నీరసంగా తిరుగుతుంది. దాన్ని పట్టి తిన్న గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. రాత్రంతా కూలి అడక్కుండా ఎలుకల్ని పట్టే గుడ్లగూబను చంపేసి పంట కాపాడతారట! ఏం తెలివి ఇది?

అరకులో మీ మిరియాలు నిజంగానే పోతుంటే రాత్రిపూట టార్చి వేసి ఏది తింటోందో చూడండి. బోను పెట్టండి. పడినదాన్ని చంపకుండా ఫొటో తీసి అటవీ సిబ్బందికి చూపించండి. మెసేజ్ పంపినవాళ్లు, అదే గ్రూపులో ‘తప్పు, మందు పెట్టకండి’ అని ఈరోజే రాయండి.