సవరణ: ఆ 25 శాతం బడి మానేసినవాళ్ల లెక్క కాదు

ఉపాధి శిక్షణకు వచ్చే యువతకు చదవడం ఎంతవరకు వచ్చో ముందే చూడాలన్న పోస్టులో, గ్రామాల పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2023 నివేదిక నుంచి 25 శాతం అంకె ఇచ్చాను. చాలామంది దాన్ని బడి మానేసినవాళ్ల లెక్కగా తీసుకున్నారు. కాదు. సర్వే జరిగిన 28 జిల్లాల గ్రామాల్లో 14-18 ఏళ్ల వాళ్లందరిలో సుమారు పావువంతు తమ భాషలో రెండో తరగతి పాఠం ధారాళంగా చదవలేకపోయారు. ఆ వయసువాళ్లలో 86.8 శాతం ఏదో ఒక బడిలోనో కాలేజీలోనో చదువుతున్నవాళ్లే! అందుకే టెన్త్ మెమో చూసి చదివించి చూసే పరీక్ష అక్కర్లేదనుకోకూడదు.

ఆ సర్వేలో కనీసం ఒకటో తరగతి పాఠం చదవగలిగినవాళ్లకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీది సూచనలు చూపించి ప్రశ్నలు కూడా అడిగారు. ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరే పిల్లలకు పెట్టాల్సింది అలాంటి పరీక్షే. అదీ ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, నలుగురిలో టెన్షన్ పెట్టకుండా.