టర్నులు అయిపోయాయి, రేపు రండి

ఆన్‌లైన్ ఆటల గురించి మన దగ్గర చర్చ మొదలైతే నిషేధం దగ్గరో, టైమ్ లిమిట్ దగ్గరో ఆగిపోతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఏకంగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. పబ్‌జీ రావడం, పోవడం, పేరు మార్చుకుని మళ్లీ రావడం అందరికీ తెలిసిందే. ఇంత జరిగినా ఒక ప్రశ్న మాత్రం గట్టిగా వినపడలేదు. ఒక ఆట ఒక రోజుకు ఎక్కడ ముగియాలి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికి ముప్పై అయిదేళ్లు దాటింది. అది ఏ కోర్టూ చెప్పలేదు, ఏ మానసిక నిపుణుడూ చెప్పలేదు. అమెరికాలో ఒకరి కంప్యూటరుకు ఇంకొకరు ఫోన్ లైను మీద కలిసే బులెటిన్ బోర్డు సిస్టమ్‌ల (బీబీఎస్‌ల) మీద ఉత్త అక్షరాలతో నడిచిన యుద్ధపు ఆటలు చెప్పాయి. రోజుకు ఇన్ని టర్నులు, అంటే ఇన్ని ఎత్తులు, అవి అయిపోతే రేపు రండి. మల్టీప్లేయర్ ఆటల చరిత్రలో ఇంతకన్నా తెలివైన నియమం మరొకటి రాలేదని నా నమ్మకం. దాన్ని పోగొట్టుకోవడమే ఇవాళ్టి అనర్థాలకు మూలమని కూడా నా నమ్మకం.

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. 1978 జనవరిలో షికాగోను మంచు తుఫాను ముంచెత్తింది. ఇంట్లో ఇరుక్కుపోయిన వార్డ్ క్రిస్టెన్సెన్, తన మిత్రుడు రాండీ స్యూస్‌తో కలిసి మొదటి బులెటిన్ బోర్డు కట్టాడు. ఫిబ్రవరి 16న అది జనానికి అందుబాటులోకి వచ్చింది. ఇంట్లో ఒక కంప్యూటరు, దాన్ని ఫోన్ లైనుకు కలిపే ఒక మోడెం, ఒక ఫోన్ లైను ఉంటే చాలు, ఎవరైనా బీబీఎస్ పెట్టుకోవచ్చు. నడిపేవాణ్ని సిసాప్ అనేవారు. ఊళ్లోవాళ్లు తమ మోడెంతో ఆ నంబరుకు ఫోన్ చేసి లోపలికి వెళ్లి సందేశాలు చదువుకునేవారు, ఫైళ్లు దించుకునేవారు, ఆటలు ఆడేవారు. 1994 నాటికి ఒక్క అమెరికాలోనే 60 వేల బోర్డులు ఉన్నాయని ఇన్ఫోవరల్డ్ పత్రిక అంచనా వేసింది. ఆ బోర్డుల మీది ఆటలను డోర్ గేమ్‌లు అనేవారు. వాటిలో సెత్ ఏబుల్ రాబిన్సన్ రాసిన లెజెండ్ ఆఫ్ ది రెడ్ డ్రాగన్, గ్యారీ మార్టిన్ రాసిన ట్రేడ్‌వార్స్ 2002 తిరుగులేని పేర్లు. మొదటిదాన్ని ముద్దుగా లార్డ్ అని పిలిచేవారు.

లార్డ్‌లో ఒక రోజు ఎలా గడిచేదో చూస్తే నా వాదన సగం అర్థమైపోతుంది. ఫోన్ కలవగానే ముందు 'డైలీ హ్యాపెనింగ్స్' కనపడుతుంది. నిన్న ఎవరు ఎవర్ని చంపారు, ఎవరు స్థాయి పెరిగారు, ఎవరు ఎర్ర డ్రాగన్‌ను వెతుక్కుంటూ వెళ్లి బూడిదయ్యారు అన్న ఊరి కబుర్లు అందులో ఉంటాయి. తర్వాత అడవిలోకి వెళ్లాలి. రోజుకు ఇన్ని పోరాటాలని సిసాప్ ముందే పెట్టేస్తాడు. దొరికిన బంగారంతో కత్తి మార్చుకోవచ్చు, కవచం కొనుక్కోవచ్చు, మిగిలింది బ్యాంకులో వేసుకోవచ్చు. గురువును ఓడిస్తే పై స్థాయికి వెళ్తారు. మొత్తం పన్నెండు స్థాయిలు. సాటి ఆటగాళ్ల మీద దాడులకు మరో లెక్క ఉంటుంది, అదీ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మీరే చచ్చిపోతే ఇక ఆ రోజుకు ఆట లేదు.

అసలు మలుపు ఫోన్ పెట్టేసేటప్పుడు వస్తుంది. మీరు ఊరికే బయటికి వచ్చేస్తే మీ వీరుడు ఊరి బయట పొలంలో పడుకుంటాడు. మీ తర్వాత ఫోన్ చేసినవాడు ఆ నిద్రలోనే మిమ్మల్ని చంపి, చేతిలో ఉన్న బంగారం పట్టుకుపోవచ్చు. సత్రంలో గది తీసుకుంటే కొంత భద్రం. అక్కడ కూడా కల్లు పోసేవాడికి లంచమిచ్చి గదిలోకి దూరే దారి ఉంది. అంటే ఆట ఆపడం కూడా ఆటలో ఒక ఎత్తే. బంగారం బ్యాంకులో వేశానా, గది తీసుకున్నానా, నాకన్నా బలమైనవాళ్లలో ఇవాళ ఇంకా ఎవరు ఫోన్ చేయలేదు అని ఆలోచించి మరీ సెలవు తీసుకోవాలి. మన మహాభారత యుద్ధంలో పొద్దు గూకితే ఆయుధాలు దించాలన్నది ఇరుపక్షాలూ ఒప్పుకున్న నియమం. పద్నాలుగో రోజు రాత్రి ఆ గీత చెరిగింది. చివరికి అశ్వత్థామ నిద్రపోతున్న శిబిరంలోకి కత్తి దూసుకుని వెళ్లేదాకా వచ్చింది. లార్డ్ రాసినవాడు ఈ రెండింటినీ ఒకే ఆటలో పెట్టాడు. సూర్యాస్తమయమూ ఉంది, సౌప్తికమూ ఉంది. అందుకే ఆడేది కాసేపే అయినా ఆలోచన రోజంతా నడిచేది.

ట్రేడ్‌వార్స్‌లో ఇది ఇంకా లోతుగా ఉంటుంది. వెయ్యి సెక్టార్ల అంతరిక్షం, ఖనిజ ఇంధనమూ సేంద్రియ సరుకూ పరికరాలూ కొని అమ్మే రేవులు, ఎదుటివాడి దారికి అడ్డంగా వదిలిపెట్టే ఫైటర్లు, మందుపాతరలు, ఎవరికీ కనపడని మూల సెక్టారులో రహస్యంగా పెంచుకునే గ్రహం. కదిలిన ప్రతిసారీ టర్నులు ఖర్చు. కాబట్టి ఉన్నవాటితో ఎంత దూరం పోవాలో ముందే లెక్క వేసుకోవాలి. కాగితం మీద పెన్సిలుతో సెక్టార్ల పటాలు గీసుకుని, పక్కపక్కన ఉన్న రేవుల్లో ఏది ఏది కొంటుందో రాసుకుని, అప్పుడు ఫోన్ తిప్పేవాళ్లు. ఒక్క బొమ్మ లేదు. సెకనుకు 2400 బిట్లు మోసే మోడెం మీద సెకనుకు సుమారు 240 అక్షరాలు వచ్చేవి. ఎనభై నిలువులు, ఇరవై నాలుగు వరసల తెర నిండటానికి ఎనిమిది సెకన్లు పట్టేది. అయినా 2009లో పీసీ వరల్డ్ పత్రిక అన్ని కాలాల్లోకీ గొప్ప పీసీ ఆటలు పదింటిని ఎంచినప్పుడు అందులో ట్రేడ్‌వార్స్ 2002కు చోటిచ్చింది.

ఇంతకూ ఈ పరిమితి ఎక్కడి నుంచి వచ్చింది? నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. ఎవరి మంచితనం నుంచో రాలేదు, లెక్క నుంచి వచ్చింది. చాలా బోర్డులకు లైను ఒక్కటే. ఒకడు రెండు గంటలు కూర్చుంటే మిగతా ఊరందరికీ ఎంగేజ్ టోనే. ఆటగాడు ఎక్కువసేపు ఉంటే సిసాప్‌కు నష్టం. అందరూ వచ్చి, కాసేపు ఆడి, తృప్తిగా వెళ్లిపోయి, రేపు తప్పకుండా రావాలి. ఆ లెక్కకు సరిపోయేలా ఆటలు రాశారు. అదే కాలంలో కంప్యూసర్వ్ అనే పెద్ద కంపెనీ సేవ మీద ఐలాండ్స్ ఆఫ్ కెస్మాయ్ అనే అక్షరాల యుద్ధపు ఆటే మరొకటి ఉండేది. 1985 చివర్లో మొదలైన ఆ ఆటకు మోడెం వేగాన్ని బట్టి గంటకు 6 నుంచి 12 డాలర్లు. అక్కడ ఆటగాడు ఎంతసేపు కూర్చుంటే కంపెనీకి అంత రాబడి. 'ఇవాళ్టికి చాలు' అని చెప్పాల్సిన అవసరం దానికేముంది?

ఆట రోజుకు ఎక్కడ ముగుస్తుందన్నది ఆట రాసినవాడి అభిరుచి మీద కన్నా, గడియారం ఎవరి జేబు నింపుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఇప్పుడు గడియారం పూర్తిగా కంపెనీ వైపు తిరుగుతోంది. మరీ బాధ కలిగించేది ఏమిటంటే, టర్నుల పరిమితిని వాళ్లు పారేయలేదు, అమ్మకానికి పెట్టారు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో అయిదు ప్రాణాలు ఉంటాయి. పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు కట్టు. 'ఎనర్జీ' పేరుతో వందల మొబైల్ ఆటల్లో ఇదే పద్ధతి. లార్డ్‌లో పరిమితి ఉన్నది ఒక్క లైను అందరికీ సమానంగా అందడానికి. ఇక్కడ పరిమితి ఉన్నది అసహనాన్ని పుట్టించి సొమ్ము చేసుకోవడానికి. పైకి రెండూ ఒకే నియమంలా కనిపిస్తాయి కానీ ఒకటి ఆటగాడిని ఇంటికి పంపుతుంది, రెండోది వాడి పర్సు తెరిపిస్తుంది.

ఇదంతా పాత రోజుల మీద మురిపెం అనేవాళ్లు ఉన్నారు. సిసాప్‌లు చిన్నపాటి జమీందార్లలా ప్రవర్తించారనీ, చందా ఇచ్చినవాళ్లకు ఎక్కువ సమయం ఇచ్చిన బోర్డులు ఉన్నాయనీ, పట్టుదల ఉన్నవాడు నాలుగు బోర్డుల మీద నాలుగు ఆటలు ఆడుకునేవాడనీ అంటారు. నిజమే. కానీ ఆ సిసాప్ ఎవరో ఆటగాళ్లకు తెలుసు, అతను పక్షపాతం చూపిస్తే అదే ఊళ్లో ఇంకో నంబరుకు ఫోన్ చేసుకోవచ్చు. ఇప్పుడు నియమం మార్చినవాడి పేరు కూడా మనకు తెలియదు.

ప్రభుత్వాలు పెట్టే టైమ్ లిమిట్లు ఎందుకు పనిచేయవో కూడా ఇక్కడే అర్థమవుతుంది. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఆటలు ఆపేసింది. పదేళ్లకు ఆ ప్రభుత్వమే దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే అంది. మన దగ్గర 2023 మేలో బీజీఎంఐ (పేరు మార్చుకున్న పబ్‌జీ) తిరిగి వచ్చినప్పుడు మైనర్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అన్నారు. రోజుకు ఆరు గంటలు! దాన్ని పరిమితి అని పిలవడానికి మనసెలా ఒప్పుతుంది?

గంటల లెక్కలో ఉన్న అసలు లోపం వేరే ఉంది. అది ఆటను ముట్టుకోదు, పిల్లాడిని మాత్రమే ముట్టుకుంటుంది. మ్యాచ్ నడుస్తూనే ఉంటుంది, జట్టు ఆడుతూనే ఉంటుంది, వీడొక్కణ్ని మధ్యలో లేపేస్తారు. దాంతో ఆపమన్న అమ్మ శత్రువవుతుంది. తండ్రి ఆధార్‌తో, అన్నయ్య నంబరుతో మళ్లీ లోపలికి దూరడం వీరత్వం అవుతుంది. టర్నుల లెక్కలో ఆ గొడవ లేదు. అందరికీ అన్నే ఎత్తులు. అయిపోయాక కూర్చున్నా చేసేదేమీ లేదు. ఆటే లేచి వెళ్లమంటుంది. మన ఇళ్లలో ఫోన్ చుట్టూ రోజూ జరుగుతున్న కొట్లాటలు తెలిసినవాళ్లెవరికైనా ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

ఇక్కడి నుంచి నేను మరీ మరీ చెప్పాలనుకునే సంగతికి వస్తాను. ఆట నడిపే యంత్రం ఎవరి ఇంట్లో ఉంది? అమెరికాలో లోకల్ కాల్‌కు చాలాచోట్ల నెలకింత అని కడితే చాలు, దూరపు కాల్ మాత్రం ఖరీదు. అందువల్ల ఒక బోర్డు మీద ఆడేవాళ్లంతా ఒకే ఊరివాళ్లు అయ్యేవారు. పొలంలో నిద్రపోతుంటే మిమ్మల్ని చంపినవాడు రేపు బడిలో మీ పక్క బెంచీలో కూర్చునేవాడు కావచ్చు. మెహుల్ పటేల్ రాసిన బారెన్ రెల్మ్స్ ఎలైట్‌లో ఒక్కో బోర్డు ఒక్కో గ్రహం. ఒక ఊరివాళ్లంతా ఒక పక్షమై ఇంకో ఊరి బోర్డు మీద యుద్ధం ప్రకటించేవారు. కాల్ చార్జీలు తక్కువగా ఉండే రాత్రి వేళ కంప్యూటర్లు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఆ దాడులను మోసుకెళ్లేవి. ఫలితం తెలియడానికి ఒక రోజో రెండు రోజులో ఆగాలి. ఈ యుద్ధాల్లో ఊరివాళ్లు ఒకరికొకరు తెలిసేవాళ్లు.

మనకు ఆ దశే లేకుండా పోయింది. ముంబయి, ఢిల్లీ లాంటి నగరాల్లో 90ల మొదట్లో ఔత్సాహికులు బీబీఎస్‌లు నడిపారు. లోకల్ కాల్‌కు కూడా మీటరు తిరిగే దేశంలో, మోడెం దొరకడమే గగనమైన రోజుల్లో నడిపారు. 1994లో టెలికాం శాఖ వాటిని లైసెన్సు కిందికి తెచ్చి ఏటా కనీసం 15 లక్షల రూపాయల ఫీజు అంది. అరుణ్ మెహతా లాంటివాళ్లు ఫోరం ఫర్ రైట్స్ టు ఎలక్ట్రానిక్ ఎక్స్‌ప్రెషన్ పేరుతో వేదిక కట్టి ఎదిరించారు. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ వచ్చింది, ఆ వాదనే పాతబడిపోయింది. పక్కింటివాడు నడిపే సర్వరులో ఆడిన అనుభవం లేకుండానే మనం నేరుగా సియోల్‌లో, షెన్‌జెన్‌లో ఉన్న కంపెనీల చేతుల్లోకి వెళ్లాం. మన పిల్లలు ఎంతసేపు ఆడాలో వాళ్లు నిర్ణయిస్తుంటే, మన శాసనసభలు ఏళ్ల తరబడి వెనక పరుగెడుతున్నాయి.

పక్కింటి సర్వరులో ఆడే ఆ ఆటను ఇప్పుడైనా మొదలుపెట్టవచ్చు. అక్షరాల ఆటకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. లార్డ్, ట్రేడ్‌వార్స్ నడిపే బోర్డులు ఇవాళ్టికీ టెల్‌నెట్ (ఇంటర్నెట్ ద్వారా దూరపు కంప్యూటరులోకి వెళ్లే పాత పద్ధతి) మీద ఉన్నాయి, అభిమానులు సొంత డబ్బుతో నడుపుతున్నారు. వరంగల్‌లోనో కాకినాడలోనో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పాత కంప్యూటరు చాలు. ఆ రోజుల్లో తెర మీద తెలుగు లిపి తేలిగ్గా వచ్చేది కాదు, ఇప్పుడు వస్తుంది. పల్నాడు యుద్ధమో బొబ్బిలి యుద్ధమో తీసుకుని, రోజుకు ఇరవై ఎత్తుల చొప్పున, కాలేజీకీ కాలేజీకీ మధ్య నడిచే తెలుగు ఆటను విద్యార్థులు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా రాయగలరు. హ్యాకథాన్లకు, గేమింగ్ పాలసీలకు పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకు?

ఇక చట్టం సంగతి. 2025 చట్టం ఆటలను ఈ-స్పోర్ట్స్, సోషల్ గేమ్‌లు, మనీ గేమ్‌లు అని విడగొట్టింది. వాటిని నమోదు చేయడానికి ఒక అథారిటీని కూడా పెట్టమంది. పందెం ఉందా లేదా అన్నదే అక్కడ ప్రధాన ప్రశ్న. పందెం లేకపోయినా పిల్లాడి రోజంతా మింగేసే ఆట సోషల్ గేమ్‌గా నిక్షేపంగా బయటపడిపోతుంది. ఆ నమోదు ఫారంలో మరో రెండు ప్రశ్నలు చేర్చాలని నేను అడుగుతున్నాను. ఈ ఆటలో ఆటగాళ్లందరికీ సమానంగా వర్తించే రోజువారీ ముగింపు ఉందా? ఆ ముగింపును దాటడానికి డబ్బు తీసుకుంటున్నారా? రెండో ప్రశ్నకు అవునని జవాబు వచ్చిన ఏ ఆటనూ సోషల్ గేమ్‌గా నమోదు చేయకూడదు.